ఎదురెదురు భట్టీలు

మా అవ్వ రుక్మాబాయి ఎవరు చేసిన మేలునూ మరిచిపోయే మనిషి కాదు. కాకపోతే గుర్తుపెట్టుకున్న సంగతి అవతలివాళ్లకు తెలియనివ్వదు. తెలిస్తే నెత్తికెక్కి కూర్చుంటారని ఆమె భయం. మా తాత లింబయ్య ఇన్నేళ్లుగా నెత్తికెక్కకుండా ఎదురు దుకాణంలోనే మర్యాదగా కూర్చున్నాడంటే ఆ ఘనత ఆమె జాగ్రత్తదే.

ఎనభైల నడుమ మాట ఇది. బోధన్ బస్టాండ్ నుంచి శక్కర్‌నగర్ వైపు పోయే తొవ్వలో రామస్వామి భట్టీ ఉండేది. భట్టీ అంటే గుమ్మటంలాగా కట్టిన ఇటుకల పొయ్యి. లోపల కట్టెలు మండించి, నిప్పులు బయటికి లాగేసి, మిగిలిన వేడి మీదనే బన్నులూ బిస్కెట్లూ కాలుస్తారు. పొగా పిండి దుమ్మూ కలిసి రామస్వామికి దమ్ము రోగం అంటించాయి. ఆయన అరుగు మీదికి చేరితే, బిడ్డ రుక్మాబాయి భట్టీ ముందుకు చేరింది. తల్లి అంతకుముందే పోయింది. సంబంధాలు వచ్చాయి గానీ, భట్టీ విడిచిపెట్టి రానని ఆమె చాయ్ ఇచ్చేటప్పుడే చెప్పేసేది. వచ్చినవాళ్లు చాయ్ తాగి, నాన్‌ఖతాయి బిస్కెట్లు తిని, బాగున్నాయని చెప్పి పోయేవాళ్లు. ఆ సంబంధాలతో ఆమెకు జరిగిన నష్టమల్లా ఆ నాన్‌ఖతాయిలే.

ఆ భట్టీకి పేరు తెచ్చింది అమ్ముడుపోయే సరుకు కాదు. అక్కడ ఒక పద్ధతి ఉంది. ఇంట్లో పెళ్లి అయినా, బిడ్డను అత్తగారింటికి పంపినా, ఆడవాళ్లు తమ ఇంటి పిండి, చక్కెర, నెయ్యి డబ్బాల్లో పెట్టుకుని భట్టీకి తెస్తారు. భట్టీవాళ్లు పిసికి, కాల్చి, కూలి తీసుకుని ఇస్తారు. ఎవరి నెయ్యి వాళ్లదే. ఒకరి పిండి ఇంకొకరి పిండిలో కలవకూడదు. అందుకే ఏ భట్టీకి పోయినా డబ్బా తెచ్చినామె బిస్కెట్లు చేతికొచ్చేదాకా బల్ల మీది నుంచి లేవదు. కన్ను తిప్పితే నెయ్యి తగ్గుతుందని అందరికీ అనుమానం. ఒక్క రుక్మాబాయి దగ్గర మాత్రం డబ్బా అప్పగించి బజారుకు పోయి వచ్చేవాళ్లు. ఆమె చేతికి పరాయి నెయ్యి అంటదని చెప్పుకునేవాళ్లు. రామస్వామి బిడ్డకు ఇచ్చిన ఆస్తి ఆ మాట ఒక్కటే.

అలాంటి చోట, సరిగ్గా ఎదురుగా, లింబయ్య వచ్చి దిగాడు. నిజామాబాద్‌లో ఒక పెద్ద బేకరీలో పనిచేసి, చేయి తిరిగాక ఇక్కడికి వచ్చి సొంత భట్టీ కట్టుకున్నాడు. దుకాణం ముందు అద్దాల బీరువా, అందులో గులాబీ పువ్వులు దిద్దిన కేకులు, పైన రేడియో. రుక్మాబాయికి ముగ్గురూ నచ్చలేదు, అంటే బీరువా, రేడియో, లింబయ్య.

మూడో రోజే తొవ్వకు అడ్డంగా నిలబడి అడిగింది. "ఏందయ్యా, నీ రేడియో మా బాపును పండనిస్తలేదు."

"నీ పొగ నా కేకులను పండనిస్తలేదు" అన్నాడు లింబయ్య.

"కేకులు పంటయా?"

"పండక ఏం జేస్తయి? ఎవలు కొంటలేరు గద."

ఆమెకు నవ్వొచ్చింది. శత్రువు మాటకు నవ్వితే ఓడిపోయినట్టే కాబట్టి గిరుక్కున తిరిగి లోపలికి పోయింది. లోపల నవ్వుకుందో లేదో రామస్వామికి తెలుసు, ఆయన చెప్పలేదు.

ఆ తర్వాత బన్నుల యుద్ధం మొదలైంది. శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ సైరన్ మోగి షిఫ్టు విడిస్తే జనం ఆ తొవ్వనే వచ్చేవాళ్లు. రుక్మాబాయి బన్ను కొంచెం పెద్దది చేసింది. లింబయ్య అంతకంటే పెద్దది చేశాడు. ఆమె ఇంకా పెంచింది. కొన్నాళ్లకు ఆ తొవ్వలో బన్నులు పసిపిల్ల తలకాయంత అయ్యాయి. ఇద్దరికీ మిగులుబాటు లేదు గానీ, షిఫ్టు దిగి వచ్చేవాళ్లకు మాత్రం ఆ యుద్ధం ఎన్నటికీ ఆగకూడదనిపించింది.

ఇంకొక కోపం కూడా ఉండేది ఆమెకు. బజారంతా ఆమెను రుక్మక్క అని పిలిచేది. ఆమె కంటే పెద్దవాళ్లూ అక్కా అనేవాళ్లు. లింబయ్య ఒక్కడే పనిగట్టుకుని "రుక్మాబాయీ" అనేవాడు. అక్కా అనడానికి ఆయనకు నోరెందుకు రావడం లేదో బజారులో చంటిపిల్లలకు కూడా అర్థమైంది. మర్యాద తెలియని మనిషి అని ఆమె అనుకుంది.

శ్రావణం వచ్చింది. లగ్గాలు మొదలయ్యాయి. భట్టీ గదిలో గోడ పొడుగునా డబ్బాలు పేర్చి ఉన్నాయి. వాటన్నిటికంటే ముందు కాల్చవలసింది చంద్రవ్వ డబ్బా. చంద్రవ్వ పసుపు పండించే ఇంటి మనిషి, మాట మెత్తనిది కాదు. బిడ్డను ఏర్గట్ల పక్క ఊరికి ఇచ్చింది. ఎల్లుండి పిల్ల అత్తగారింటికి పోతుంది, సారెతో పాటు బిస్కెట్లు పోవాలి.

అంతకు ముందు నుంచే ముసురు పట్టింది. భట్టీ గుమ్మటం రామస్వామి పడుచుతనంలో మట్టితో కట్టింది. పైన రేకుల సందులోంచి నీళ్లు కారి కారి, తెల్లవారుజామున అది నిట్టూర్చినట్టు చప్పుడు చేసి లోపలికి కూలిపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. డబ్బాలు తడవలేదు. రుక్మాబాయి చేతిలో దీపం పెట్టుకుని ఆ ఇటుకల కుప్ప ముందు నిలబడింది. ఆ వానకు దండం పెట్టుకోవలసినవాళ్లు ఆ ఇంట్లో తర్వాత చాలామంది పుట్టారు గానీ, ఆ పొద్దు ఆమె దాన్ని తిట్టని తిట్టు లేదు.

రామస్వామి ఆయాసపడుతూ వచ్చి చూశాడు. "డబ్బాలు ఎవలియి వాళ్లకు పంపియ్యి బిడ్డా" అన్నాడు.

"ఒక్కపారి పంపితె మళ్ల రారు బాపు. ఈడ డబ్బ తిరిగిపోయిందంటె ఇంక ఎవలన్న తెస్తరా?"

 వాన కొంచెం తగ్గాక లింబయ్య గోనెసంచి నెత్తిన వేసుకుని తొవ్వ దాటి వచ్చాడు. ఆమె గట్టిగా ఊపిరి తీసుకుని తిట్లకు సిద్ధమైంది. ఆయన కుప్పను చూశాడు, డబ్బాలను చూశాడు, ఆమెను చూడలేదు.

"నా రొట్టెలు ఇప్పుడే దించిన. భట్టీ వేడిగున్నది. డబ్బలు తీస్కరా."

"నీ భట్టీల నేను కాల్చ."

"నువ్వు కాల్చకు. డబ్బలు కాలుతయి" అని వెనక్కి పోయాడు.

అప్పుడే చంద్రవ్వ గొడుగు ముడుచుకుంటూ వచ్చింది. కూలిన భట్టీని చూసి అయ్యో అనలేదు. "యాడ కాలుస్తవో నాకెందుకు, రుక్మా? నీ చెయ్యి పడాలె, ఎల్లుండికి కావాలె, గంతే" అంది.

రుక్మాబాయి డబ్బా ఎత్తుకుంది. రోజూ చూసే తొవ్వే, ఆ పొద్దు గోదారంత వెడల్పు అనిపించింది. లింబయ్య గడపలో నిలబడి షరతు పెట్టింది. "నా ట్రేల మీద నీ చెయ్యి పడొద్దు."

"పడది."

"నాకు ఎట్ల కాల్చాల్నో చెప్పొద్దు."

"ఒక్కటి చెప్తనే..."

"ఒక్కటి గూడ వద్దు."

పిండి పిసికి, చిన్న చిన్న బిళ్లలు చేసి, రేకు ట్రేలో వరుసగా పేర్చింది. భట్టీ వేడి ఎంతుందో తెలుసుకోవడానికి తండ్రి నేర్పిన పద్ధతి ఒకటుంది. భట్టీ నోట్లో చెయ్యి పెట్టి మనసులో రామనామం అనుకోవాలి. చెయ్యి కాలకముందే ఎన్నిసార్లు అనగలిగితే వేడి అంత తగ్గినట్టు. ఆమె చెయ్యి పెట్టింది. రాముడు సాఫీగా నడిచిపోయాడు. నాన్‌ఖతాయికి సరిపోయే వేడే అనుకుంది.

లింబయ్య వెనక నుంచి అన్నాడు. "జెర సేపు ఆగు."

ఇచ్చిన మాట అప్పుడే తప్పాడు. ఆలస్యం చేయించి చంద్రవ్వ ముందు చిన్నబుచ్చాలని చూస్తున్నాడనుకుంది ఆమె. పొడుగాటి కట్టెపార మీద ట్రే పెట్టి లోపలికి నెట్టింది.

వాసన బాగానే వచ్చింది. ట్రే బయటికి తీస్తే ఒక్కొక్క బిళ్ల పైన లేత బంగారం రంగు, నడుమ చిన్న పగులు. చంద్రవ్వ మొహం కూడా విప్పారింది. ఒకటి తీసి తిప్పి చూసింది. అడుగు బొగ్గు. ఇంకొకటి తిప్పింది. అదీ బొగ్గే.

సంగతి ఏమంటే, లింబయ్య భట్టీ నోరు ఎత్తుగా ఉంటుంది. వాన గాలి తగిలి నోటి దగ్గర వేడి తొందరగా తగ్గుతుంది. నేల మాత్రం చాలాసేపు రగులుతూనే ఉంటుంది. రామస్వామి భట్టీకి మట్టి నేల, నోరూ నేలా కలిసే చల్లబడేవి. తన భట్టీలో ఎన్నడూ తప్పని పద్ధతి పరాయి భట్టీలో ఆమెను ముంచింది.

రుక్మాబాయి కట్టెపార గోడకు ఆనించింది. మాడింది తన నెయ్యి కాదు. నోరు తెరవబోతే లింబయ్య ముందుగా అందుకున్నాడు.

"తప్పు నాది చంద్రవ్వా. పొద్దుగాల కట్టెలు ఎక్కువేసిన. నా భట్టీ అడుగు ఇంకా కాలుతున్నది, ఈమెకు ఎర్కలేదు."

తప్పించుకునే తలుపు తెరిచి పెట్టాడు. ఆమె దూరితే ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. మా అవ్వ ఎవరైనా తెరిచిన తలుపులోంచి నడిచే రకం కాదు.

"అబద్ధమాడకయ్యా" అంది ఆయనతో. చంద్రవ్వ వైపు తిరిగింది. "ఆగుమని చెప్పిండు. నేనే ఇనలే. ఆయన మీది కోపం నీ పిండి మీద పడ్డది అక్కా. తప్పు నాది."

చంద్రవ్వ మాడిన బిళ్లను ట్రేలో పడేసింది. "తప్పు ఎవలిదో మీరిద్దరు పంచుకోండ్రి. నా బిడ్డ ఒట్టి చేతులతోటి పోదు. నాకు బిస్కెట్లు కావాలె."

రుక్మాబాయి ఇంటికి పోయి తండ్రి కోసం దాచిన నెయ్యి తెచ్చింది. లింబయ్య తన మైదా, చక్కెర తెచ్చి పెట్టాడు. నెయ్యీ చక్కెరా అరచేత్తో రుద్ది రుద్ది వెన్నలా తెల్లబడేదాకా తేవాలి. అది ఒక్క చేతితో తొందరగా అయ్యే పని కాదు. షరతు మాట ఎవరూ ఎత్తలేదు, లింబయ్య పళ్లెం ముందు కూర్చున్నాడు. రొట్టె పిండికి అలవాటైన చేతులు కదా, గుద్దడం మొదలుపెట్టాడు.

"గట్ల గుద్దకు. అది నీకేం అన్నాయం జేసింది?" అంది రుక్మాబాయి.

"మరి ఎట్ల?"

"పసిపిల్లకు నూనె రుద్దినట్టు."

"నాకు పిల్లలున్నరా, పెండ్లామున్నదా, ఎట్ల తెల్వాలె?"

బల్ల మీద కూర్చున్న చంద్రవ్వ దగ్గింది. వాన చప్పుడులో ఆ దగ్గు నవ్వులాగే వినిపించింది. రుక్మాబాయి తలెత్తకుండా ఆయన చేతిని పక్కకు జరిపి, ఎట్లా రుద్దాలో చూపింది. ఆయన చూశాడు. ఎంతసేపు చూశాడంటే చంద్రవ్వ ఇంకోసారి దగ్గవలసి వచ్చింది.

ఈసారి ఆయన ఆగమన్నంతసేపు ఆగింది. ఆయన చిటికెడు పిండి భట్టీ నేల మీద చల్లి, అది నల్లబడకుండా మెల్లగా ఎర్రబడే దాకా చూసి, తల ఊపాడు. ఆ వాయి బిస్కెట్లు పైనా కిందా ఒకే రంగులో వచ్చాయి. చంద్రవ్వ ఒక్కొక్కటీ తిప్పి చూసి డబ్బాలో సర్దుకుంది. పోతూ పోతూ, "మా చెల్లె గూడ డబ్బ తెస్తదంట, ఎల్లుండి" అంది. రుక్మాబాయి అప్పుడు కూర్చుంది. పొద్దుటి నుంచి ఆమె కూర్చోవడం అదే మొదలు.

శ్రావణం అంతా అట్లాగే గడిచింది. తెల్లవారి లింబయ్య రొట్టెలు కాల్చుకునేవాడు. వేడి కొంచెం దిగాక ఆమె డబ్బాలతో వచ్చేది. అంతకుముందు ఆ వేడి అంతా ఊరికే చల్లారిపోయేదని లింబయ్య చెప్పినప్పుడు, ఆమె ఇంత నష్టమా అని ఆయన తరఫున బాధపడింది. బన్నులు కూడా మామూలు బన్నులంత అయ్యాయి. ఆ విషయంలో షిఫ్టు జనం ఇద్దరినీ క్షమించలేదు.

వానలు తగ్గాక ఆమె మేస్త్రీని పిలిపిస్తానంది. లింబయ్య పిండి చేతులు తుడుచుకుంటూ అన్నాడు. "మళ్ల కట్టుడు ఎందుకు? ఉన్నది ఒక్కటి సాలదా? పొద్దుగాల నేను, తర్వాత నువ్వు. ఎప్పటికి గిట్లనే."

ఆయన ఆ మాటలో ఏం పెట్టి ఇచ్చాడో, అందరికంటే ఆలస్యంగా తెలిసింది ఆమెకే. ఆమెకు అప్పుడు ఒక్కటే కనిపించింది. తన తండ్రి భట్టీ ఇంక లేవదు, తను ఎదురు దుకాణంలో మిగిలిన వేడికి కాచుకుని కూర్చోవాలి.

"నీ భట్టీల నేను కిరాయికుండాల్నా?" అంది. "నీకు కావల్సింది గిదేనా?"

"గది కాదు రుక్మాబాయీ..."

"మరేంది?"

లింబయ్యకు రొట్టె, కేకు, పఫ్ అన్నీ చేయడం వచ్చు, మాట చేయడం రాదు.  ఆమె ట్రేలు ఎత్తుకుని వచ్చేసింది. ఆ రాత్రి తండ్రికి అన్నం పెడుతూ, కళ్లనీళ్లు మిరపకాయ ఘాటు వల్లనే అని ఆయన అడగకుండానే చెప్పింది.

మేస్త్రీ వచ్చి పాత మట్టి తవ్వి నేల చదును చేస్తున్నాడు. లింబయ్య ఒక బస్తా మోసుకుని తొవ్వ దాటాడు. దాన్ని ఆమె ముందు దించి మూతి విప్పాడు. దొడ్డుప్పు, పగిలిన గాజు పెంకులు.

"ఏందిది?"

"ఇటుకలు పరిచే ముందు కింద ఇది పోయించు. నా భట్టీ అడుగు అంతసేపు వేడి నిలిచేది దీనితోనే. నిజామాబాదుల మా సేటు ఎవలకు చెప్పెటోడు కాదు. నోరు కిందికే పెట్టించు, మీ బాపు పెట్టినట్టు. అప్పుడు నీ భట్టీ నా భట్టీకంటె మంచిగైతది."

ఇంత చెప్పి, మేస్త్రీకి అంగుళాలతో సహా వివరించి, ఆయన వెళ్లిపోయాడు. రుక్మాబాయి బస్తాలోంచి గుప్పెడు రాళ్లుప్పు తీసి చూసింది. తన భట్టీని మింగాలనుకున్న మనిషైతే దాన్ని ఇంకా గట్టిగా కట్టమని బస్తా మోసుకుని రాడు. ఆ లెక్క తేలాక ఆమెకు ఆయన మీద కోపం తెచ్చుకోవడానికి ఇంకేమీ దొరకలేదు. వెతికింది, దొరకలేదు.

గుమ్మటం లేచింది, ఆరింది. మొదటి మంట పెట్టే రోజు ఆమె అగ్గిపెట్టె తీస్తే రామస్వామి వద్దన్నాడు.

"కొత్త భట్టీకి అగ్గిపుల్ల గీకరు బిడ్డా. మండే భట్టీకాడికెల్లి నిప్పు తేవాలె. నాకు మా ఉస్తాద్ ఇచ్చిండు. ఈ తొవ్వల నీకు ఎవలిస్తరో నాకైతె ఎర్కలేదు" అని, ఎదురుగా పొగ వస్తున్న గొట్టం వైపు చూస్తూ కూర్చున్నాడు.

పట్టపగలు, బజారంతా చూస్తుండగా, ఆమె ఇనుప తట్ట పట్టుకుని తొవ్వ దాటింది.

"ఏం కావాలె?" అన్నాడు లింబయ్య.

"నిప్పు."

 మంచి ఎర్రటి నిప్పులు ఏరి ఏరి తట్టలోకి తీశాడు. తీస్తూ, తల వంచుకునే అన్నాడు. "నిప్పుతోటి మనిషిని గూడ అడుగుతవేమో అనుకున్న."

"నిప్పు అడిగితె ఎవలన్న ఇస్తరు. మనిషైతె తనంతల తనే రావాలె. మా బాపు అరుగు మీదనే ఉన్నడు."

లింబయ్య తట్ట ఆమె చేతిలోంచి అందుకున్నాడు. ఇద్దరూ తొవ్వ దాటారు, ఆయన ముందు, ఆమె వెనక. రామస్వామి ముందు నిలబడి, చేతులు కాలుతున్నా తట్ట దించకుండా చెప్పాడు.

"కాకా, నా భట్టీ నాది, ఆమె భట్టీ ఆమెది. ఎవలిది ఎవలు మాన్పియ్యద్దు. పిల్లనిస్తవా?"

"ముందు నిప్పు ఏయి నాయినా, సల్లారుతది" అన్నాడు రామస్వామి. నవ్వుకు దమ్ము ఎగదన్నింది, అయినా ఆపుకోలేదు.

రుక్మాబాయి కొత్త భట్టీ ముందు మోకాళ్ల మీద కూర్చుని, నిప్పుల మీద చితుకులు పేర్చి ఊదింది. గోడల్లో మిగిలిన తడి లోంచి ఆవిరి, పొగ కలిసి మొహం మీదికి కొట్టాయి.

"బాపును అడిగినవు. నన్నెవలు అడిగిండ్రు?" అంది లోపలికి చూస్తూనే.

లింబయ్య పక్కనే కూర్చున్నాడు. "అడుగుతున్న."

ఆమె ఊదుగొట్టం ఆయన చేతిలో పెట్టింది. "ఊదు. సన్నగ ఊదు. కొత్త భట్టీ, పెద్ద మంట పెడితె పగులుతది."

ఆయన ఊదాడు. మంట అంటుకుంది. రుక్మాబాయి ఆ వెలుగులో తన భట్టీ గుమ్మటాన్ని లోపలి నుంచి ఒకసారి మొత్తం చూసుకుంది, తర్వాత ఆయనను చూసింది. ధన్యవాదాలు చెప్పడం ఆమెకు అప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు. కొంగుతో ఆయన నుదుటి మీది మసి తుడిచింది. అంతవరకు చూసిన రామస్వామి ఇంక చూడటం బాగుండదని అరుగు మీద అటు తిరిగి కూర్చున్నాడు.